అతుకు దాచని బొమ్మ

ఒకరు తల గీసి, మెడ దగ్గర రెండు గీతల కొసలు మాత్రం కనబడేలా మిగతాది కప్పేస్తారు. ఆ కొసలు పట్టుకుని ఇంకెవరో మొండెం గీస్తారు. అక్కణ్నుంచి మూడో మనిషి కాళ్లు దించుతారు. ముగ్గురివీ మూడు ఊళ్లు, బహుశా మూడు దేశాలు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. తెర తీసేసరికి పుంజు తల, గ్యాస్ బండ పొట్ట, తాటిచెట్టు కాళ్లతో ఓ జీవి బయటపడుతుంది. ఇంటర్నెట్‌లో ఇలాంటి ఉమ్మడి బొమ్మల ఆటలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. చాలామంది చూసి నవ్వి ఊరుకుంటారు. కళ గురించి పట్టింపు ఉన్నవారు మాత్రం, ఫలానా వారు గీశారని చెప్పలేని బొమ్మ కళ ఎలా అవుతుందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే గీసిన చేతుల్లో వెతికితే దానికి జవాబు దొరకదు. ఆ చేతులను కలిపిన నియమంలో వెతకాలి. నియమం గట్టిగా ఉండి, అతుకును దాచకపోతే అపరిచితుల బొమ్మ కూడా కళేనని నా వాదన.

ఆట ఇంటర్నెట్ కంటే చాలా పాతది. 1924లో ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెటన్ అధివాస్తవికత (సర్రియలిజం) మేనిఫెస్టో ప్రకటించాడు. మరుసటి ఏడాది పారిస్‌లో, షాతో వీధిలోని 54వ నంబరు ఇంట్లో చేరిన ఈవ్ తాంగీ, జాక్ ప్రెవేర్ తదితర మిత్రులు కాగితాన్ని మడతలు పెట్టి, ముందువారు రాసింది చూడకుండా తలో మాటా చేర్చి వాక్యాలు అల్లారు. తర్వాత అదే పద్ధతిలో బొమ్మలు గీశారు. ఒక్క మనసు ఎంత తంటాలు పడినా తట్టని పోలికను పదిమంది చేతుల మధ్య నుంచి రప్పించడం వారి పన్నుగడ. ఆ గాలి ఉత్తరాంధ్రకూ వీచింది. తెలుగులో అధివాస్తవిక కవిత్వం అనగానే గుర్తొచ్చే శ్రీరంగం నారాయణబాబుది (1906–1961) విజయనగరం. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ ఆ ధోరణిని మనకు పరిచయం చేయడమే కాక, ఆరుద్ర, వరదలతో కలిసి ‘మేమే’ కవితా సంపుటి తెచ్చాడు. అయితే అది ఒకరినొకరు బాగా ఎరిగిన ముగ్గురి జట్టు. మన సాహిత్య చర్చల్లో అధివాస్తవికుల కలల ప్రతీకలకు దక్కిన చోటు మడత కాగితానికి దక్కలేదు.

అంతమాత్రాన ఉమ్మడి గీత మనకు కొత్తని అనుకోనక్కర్లేదు. సంక్రాంతి వెళ్లిపోయే వేళ తెలుగు వీధుల్లో రథం ముగ్గు వేస్తారు. రథానికి తాడు గీసి, దాన్ని పక్కింటి ముగ్గు దాకా లాగి కలుపుతారు. ఎవరి వాకిట్లో రథం ఎలా ఉండాలో పక్కింటివారు చెప్పరు. తాడు దగ్గర మాత్రం అందరూ కలవాలి. కలిసే చోట కట్టుబాటు, మిగతాచోట స్వేచ్ఛ: పారిస్ మడత కాగితంలో ఉన్నదీ ఈ రెండే. సవర గిరిజనుల గోడబొమ్మలను చూస్తే కల కూడా తోడవుతుంది. 1955లో వచ్చిన సవరల మతంపై గ్రంథంలో వెరియర్ ఎల్విన్ ఆ బొమ్మల తీరు వివరించాడు. బొమ్మ కావాలన్న కబురు కలలోంచో పూనకంలోంచో వస్తుంది. గీసేవాడు ఎర్రమన్ను గోడ మీద బియ్యప్పిండితో గీస్తాడు. ఆపై పూజారి ద్వారా ఆత్మలకు చూపించి, ఇంకేదైనా కావాలంటే చేరుస్తారు. సవరలకు అది ఆరాధన, ఆట కాదు; దాన్ని అధివాస్తవికత గాటన కట్టేస్తే వారిని తక్కువ చేసినట్టే. కానీ ఒక్క సంగతి అది తేల్చి చెబుతుంది. కల చెప్పింది ఒకరు, గీసింది ఒకరు, ఒప్పుకున్నది మరొకరు. అయినా అది ఆ బొమ్మ విలువకు అడ్డు కాలేదు.

జనం గుమిగూడితే మిగిలేది గందరగోళమేనని ఒక అభ్యంతరం. దానికి పెద్ద ఉదాహరణే ఉంది. 2017లో రెడిట్ వెబ్‌సైట్ ‘ప్లేస్’ పేరిట నిలువుకు వెయ్యి, అడ్డానికి వెయ్యి గడులున్న బోర్డును అందరికీ తెరిచింది. ఒకసారి ఒక గడికే రంగు వేయాలి, మళ్లీ వేయాలంటే కొన్ని నిమిషాలు ఆగాలి. 72 గంటల్లో పది లక్షల మందికి పైగా చేయి వేశారు. గందరగోళం మిగల్లేదు, కానీ మిగిలింది అంతకంటే నిరాశ కలిగించేదే: జెండాలు, లోగోలు, ఆటల పాత్రలు, చివరికి మోనాలిసా. జనం కల కనలేదు, తెలిసినదాన్నే అచ్చు దించారు. కారణం వారి సంఖ్య కాదని నా అభిప్రాయం. బోర్డు మొత్తం అందరికీ కనబడుతోంది. దాంతో ముందే కూడబలుక్కుని చోటు ఆక్రమించుకున్నారు. మడత లేని చోట ఆశ్చర్యానికి తావుండదు. ముగ్గురే గీసినా మడత ఉంటే చాలు, ఎవరూ ఊహించని జీవి పుడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఉమ్మడి అన్న పేరుతో చివరికి లాభపడేది ఎవరు? 2006లో ఆరన్ కోబ్లిన్ అనే కళాకారుడు అమెజాన్ చిల్లర పనుల వేదిక మీద గొర్రె బొమ్మకు రెండు సెంట్ల చొప్పున ఇచ్చి 10,000 గొర్రెలు గీయించాడు. ఆ బొమ్మలను స్టాంపులుగా అమ్మకానికి పెట్టాక, మా గొర్రెలను అమ్ముకుంటున్నారని గీసినవారిలో కొందరు అడ్డం తిరిగారు. కోబ్లిన్ పేరు ప్రపంచానికి తెలుసు, వారి పేర్లు తెలియవు. మన చట్టమూ ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉమ్మడి రచన అనాలంటే ఒకరి పాలు మరొకరి పాలు నుంచి విడిగా ఉండకూడదు. మడత కాగితంలో తల నాది, మొండెం నీది అని తేటతెల్లంగా కనబడుతుంది. అంటే అతుకు కనబడే బొమ్మ ఆ నిర్వచనంలో సులువుగా ఇమడదు. కాబట్టి చట్టం మీద భారం వేయకుండా నిర్వాహకులే ముందుగా మాట ఇవ్వాలి. ఎవరు ఏ ముక్క గీశారో బొమ్మతోపాటే ఉండాలి, డబ్బు వస్తే పంచాలి. పేరు వద్దనుకునే హక్కు గీసినవారిదే గాని గీయించినవారిది కాదు.

కృత్రిమ మేధ రెండు మాటలు చెబితే క్షణంలో పుంజు తలకు తాటికాళ్లు పెట్టేస్తుంటే ఇదంతా దేనికని ఈతరం అడగవచ్చు. ఆ యంత్రమూ లక్షలమంది బొమ్మల మీదే బతుకుతోంది. కానీ వారిలో ఎక్కువమందిని ఎవరూ అడగలేదు, ఎవరి తాడు ఎక్కడ కలిసిందో తెలియదు. పైగా యంత్రం పనితనమంతా అతుకును నున్నగా చెరిపేయడంలోనే ఉంది. మడత బొమ్మలో మెడ దగ్గర గీత తడబడి, రంగు మారి, ఇక్కడ ఇద్దరు కలిశారని చెబుతుంది. రెండూ వింతగానే ఉండవచ్చు. మనుషులు ఒకరినొకరు కలుసుకున్న ఆనవాలు రెండోదాంట్లోనే ఉంది.

మన పండగల్లో ముగ్గుల పోటీలకు కొదవ లేదు. ఒక్కొక్కరికీ ఒక గడి, ఒక బహుమతి, ఒక ఫొటో. 2025లో శ్రీకాకుళం జిల్లా అరసవల్లి సూర్యదేవాలయ రథసప్తమి రాష్ట్ర పండగ అయింది. సూర్యుడి రథం పేరిట ఊరు కదిలే ఆ రోజుల్లో పోటీకి బదులు ఓ ఉమ్మడి రథం ముగ్గు పెట్టవచ్చు. శ్రీకాకుళంలోని బడిపిల్లలు మొదలుపెట్టిన తాడు కొసను మాత్రమే ఫోన్‌లో టెక్కలికి, అక్కణ్నుంచి బతుకుతెరువుకు గల్ఫ్ వెళ్లిన జిల్లావాసులకు, అమెరికాలోని తెలుగువారికి పంపాలి. ముందువారి బొమ్మ ఎవరికీ చూపకూడదు. ఖర్చు దాదాపు శూన్యం. నిర్వాహకులకు క్రమశిక్షణ మాత్రం కావాలి: వికారంగా ఉందని ఏ ముక్కనూ దిద్దకూడదు, నాయకుల ఫొటోకు చోటివ్వకూడదు, గీసిన ప్రతివారి పేరూ వారు కోరినట్టు రాయాలి. ఈ మూడూ పాటించలేమనుకుంటే పాత పోటీయే నయం. అందులో కనీసం ఎవరి ముగ్గు ఎవరిదో తెలుస్తుంది.