వ్యాను వచ్చింది సరే, రెండోసారి ఎప్పుడొస్తుంది?

పల్లెటూళ్ళలో ఇంటి ముందుకొచ్చే పశువుల డాక్టర్ల గురించి మాట్లాడితే మన ఐటీ జనాలకి నవ్వులాటగా ఉంటుంది. మొన్న లంచ్‌లో మా టీములో ఒకతను "గేదెకి అంబులెన్సేంటి బాస్, ఇంక హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఇస్తారా?" అన్నాడు. (పశువులకి ఇన్సూరెన్సు ఎప్పట్నుంచో ఉంది. ఆయన పుట్టి పెరిగింది మారేడ్‌పల్లిలో లెండి, ఆయన తప్పు కాదు :) ) సరే, నవ్వితే నవ్వారు గానీ, మనలో సగం మంది అమ్మానాన్నలు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళింట్లో ఒక గేదో, కుక్కో, నాలుగు మేకలో ఉన్నాయి. వాటికి జబ్బు చేస్తే ముందు ఫోనొచ్చేది మనకే. కాబట్టి ఇది మన విషయం కూడా.

ముందు కాస్త లెక్కలు. తెలంగాణలో 2017లో వంద వాహనాలతో ఈ సంచార పశువైద్యం మొదలైంది. 1962కి ఫోన్ చేస్తే వ్యాను వస్తుంది. ఆంధ్రాలో 2022 మే నెలలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 వచ్చాయి, 2023 జనవరిలో ఇంకో 165. అక్కడా నెంబరు 1962 యే. వ్యానులో ఒక డాక్టరు, ఒక సహాయకుడు, ఒక డ్రైవరు. పేడ, రక్తం పరీక్ష చేసుకోడానికి చిన్న ల్యాబు, లేవలేని పశువుని ఎక్కించడానికి లిఫ్టు. కేంద్రం పథకం ప్రకారం లక్ష పశువులకి ఒక వ్యాను.

లక్షకి ఒకటి అన్నమాట మీద ఒక్క నిమిషం ఆగండి. రోజుకి పది కేసులు చూశారనుకుందాం, ఏడాదికి మూడు వందల రోజులు. మూడు వేల కేసులు. అంటే నూటికి మూడు పశువుల్ని, అదీ ఏడాదికి ఒక్కసారి. అలాంటప్పుడు "ఫోన్ చేసిన ఎంతసేపటికి వచ్చారు" అన్నదొక్కటే కొలతగా పెట్టుకుంటే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ప్రొడక్షన్ సపోర్టులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. టికెట్టు క్లోజవుతుంది. ప్రాబ్లం అలాగే ఉంటుంది.

మా పక్కింటి పిన్ని గేదె సంగతి చెప్తాను. మాది జంగారెడ్డిగూడెం అవతల, పామాయిల్ తోటల మధ్య ఒక పల్లె. ఈనిన మర్నాడు గేదె కూలబడిపోయింది. మెడ పక్కకి తిప్పి డొక్కకి ఆనించేసింది, చెవులు చల్లబడ్డాయి. పాల జ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒంట్లో వేడి ఉండదు. పాలల్లోకి కాల్షియం ఒక్కసారిగా వెళ్ళిపోయి రక్తంలో పడిపోతుంది. గంటల్లో చూడకపోతే చచ్చిపోతుంది. పిన్నికి బండి లేదు, ఉన్నా గేదెని బండి మీద పెట్టుకు వెళ్ళలేదు కదా. ఫోన్ చేస్తే వ్యాను వచ్చింది, డాక్టరమ్మ నరానికి కాల్షియం సీసా ఎక్కించింది. మెల్లిగా ఎక్కించాలిట, తొందరపడితే గుండె ఆగిపోతుంది. గంట తిరక్కుండా గేదె లేచి నిలబడింది. పిన్ని ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. పైసా తీసుకోలేదు. ఇది చిన్న విషయం కాదు. మా చిన్నప్పుడు ఇలా పడిన గొడ్డు మళ్ళీ లేవడం అరుదు.

డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ "ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి, కొన్నిటికి మళ్ళీ పడిపోతుంది" అని చెప్పి మరీ వెళ్ళింది. అన్నట్టే మర్నాడు రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ పడిపోయింది. ఆ వేళప్పుడు దగ్గర్లో ఉన్నది ఎవరంటే బైకు మీద ఊళ్ళు తిరిగే ఒక రిటైర్డు డాక్టరు గారు. ఆయన రాగానే అడిగిన మొదటి ప్రశ్న "నిన్న ఏం ఎక్కించారమ్మా, ఎంత?" అని. పిన్ని లోపలికెళ్ళి ఖాళీ సీసా తెచ్చి చూపించింది. పారెయ్యకుండా దాచిందిట. ఆ ఖాళీ సీసాయే ఆ గేదె మెడికల్ రికార్డు!

నేను దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. ఆ గేదె చెవికి పసుపు రంగు బిళ్ళ ఉంది. దాని మీద పన్నెండంకెల నెంబరు, పశువుల ఆధార్ అంటారు. దేశమంతా ఒకే వరస, డేటాబేసుకి ప్రైమరీ కీ లాంటిది. ఇంత కష్టపడి చెవులు కుట్టి నెంబర్లు వేశాక, ఆ నెంబరు కొడితే మొన్న ఏ మందు వేశారు, ఎంత వేశారు, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నవి ఎవరి ఫోనులోనైనా కనపడాలి. వ్యాను డాక్టరైనా, బైకు డాక్టరైనా, ఊళ్ళో ఉండే పశుసంవర్ధక సహాయకుడైనా. యాంటీబయాటిక్ వేసిన గేదె పాలు కొన్ని రోజులు అమ్మకూడదు, ఆ తేదీ కూడా అందులోనే ఉండాలి. ఎందుకంటే ఆ పాలు డెయిరీ మీదుగా వచ్చేది మన కాఫీలోకే.

ఇప్పుడు కుక్కల సంగతి. మా అమ్మ ఒక్కతే ఉంటుంది. తోడు టైగర్. పేరే గానీ ఉత్త నాటు కుక్క, ఎవరో కాలవ గట్టు మీద వదిలేస్తే అమ్మ తెచ్చుకుంది. ఊళ్ళో కొందరికి ఇది చోద్యం, "గేదైతే పాలిస్తుంది, కుక్కకి డాక్టరేంటి వదినా" అంటారు. అక్కడ పాడికి మందు, కుక్కకి గంజి. సర్కారు లెక్క కూడా దాదాపు అంతే, ఆ లక్ష పశువుల్లో కుక్కలు రావు. కానీ అరవై ఎనిమిదేళ్ళ మనిషి రాత్రిపూట ఎవరి ధైర్యంతో తలుపేసుకుని పడుకుంటుందో ఏ లెక్కలోకి వస్తుంది? పిన్ని గేదె కోసం ఏడ్చింది కూడా పాల డబ్బుల కోసమే అనుకుంటే మీరు పిన్నిని చూడలేదన్నమాట.

పోయిన వానాకాలం టైగర్‌కి గోమార్లు పట్టి జ్వరమొచ్చింది. తిండి మానేసింది, చిగుళ్ళు తెల్లబడ్డాయి. అదే బైకు డాక్టరు గారు వచ్చి చూసి, డాక్సీసైక్లిన్ రాసి, నాలుగు వారాలు వెయ్యాలి అని చెప్పారు. చిక్కంతా ఇక్కడే ఉంది. మూడో రోజుకి కుక్క లేచి తోకూపుతుంది. ఇంక మందెందుకని ఎవరైనా ఆపేస్తారు, మనుషులు తమ సంగతే అలా చేస్తారు. జబ్బు లోపల అలాగే ఉండిపోయి మళ్ళీ తిరగబెడుతుంది. పదో రోజున ఆయన అమ్మకి ఫోన్ చేశారు. "గోళీలు వేస్తున్నారా అమ్మా? ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చెప్పండి" అని. అమ్మ నిజంగానే లెక్కపెట్టి చెప్పింది. ఇరవయ్యో రోజున ఇంకో ఫోను. ఆయన దగ్గరున్న టెక్నాలజీ అంతా ఒక పొడుగాటి అట్ట పుస్తకం. అందులో ఊరు, ఇంటివాళ్ళ పేరు, జంతువు, మందు, చివర్లో "మళ్ళీ చూడాల్సిన తేదీ" అని ఎర్ర పెన్నుతో ఒక కాలమ్. రోజూ పొద్దున్నే ఆ ఎర్ర తేదీలు చూసుకుని బయల్దేరతారు. ఫీజు మూడొందలు, అమ్మ పైన నాలుగు ములక్కాడలు కూడా ఇస్తుంది. ఆ ఎర్ర కాలమ్ ఎన్ని కోట్లు పోసి కట్టిన యాప్‌లో అయినా ఉంటే నేను దండం పెడతాను.

వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోదా అంటారు కొందరు మిత్రులు. చిగుళ్ళ రంగు చూపించచ్చు, పేడ చూపించచ్చు. పొట్ట నొక్కి చూడ్డం ఎలా? కాకపోతే రెండోసారికి ఫోను పనికొస్తుంది, మొదటిసారికి మనిషే రావాలి. ఇంకోటి, మనం ఇక్కణ్ణుంచి "అమ్మా, ఒక పారాసిటమాల్ వేసెయ్యి" అని సలహాలివ్వడం మానాలి. పిల్లికి అది విషం. కుక్కకి బ్రూఫెన్ కూడా అంతే.

ఇంక రేబిస్. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ని 2030 కల్లా లేకుండా చెయ్యాలని 2021లో కేంద్రం ఒక ప్రణాళిక ప్రకటించింది. అలా జరగాలంటే ఊళ్ళో ఉన్న కుక్కల్లో కనీసం నూటికి డెబ్భైకి టీకా పడాలి. మూడు నెలల వయసులో ఒకటి, తర్వాత ఏటేటా. ఆ టీకాని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. బైకు డాక్టరు గారు ఐసు డబ్బాలో పెట్టుకుని తిరుగుతారు, ఎండాకాలం మధ్యాహ్నం పూట ఆయన టీకాలు పెట్టుకోరు, చెడిపోతాయని. గేదె కోసం ఎలాగూ ఊరికొచ్చిన వ్యాను ఆ వీధిలో కుక్కలకి కూడా టీకా వేసి, తేదీ రాసిన చీటీ ఒకటి ఇచ్చి వెళ్తే అదనంగా అయ్యే డీజిల్ ఎంత? ఉచితంగా వద్దంటే డబ్బులు తీసుకోమనండి. ఇక్కడ కుక్కకి స్నానం చేయించి గోళ్ళు తీసినందుకు పన్నెండొందలు ఇచ్చే మనం, ఊళ్ళో టీకాకి వంద ఇవ్వలేమా?

వ్యాన్లు పెంచమని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, అడగనివ్వండి. నేనడిగేది నెలాఖరు రిపోర్టు మార్చమని. "వచ్చిన కాల్స్ ఇన్ని, చూసిన కేసులు ఇన్ని" తర్వాత ఇంకో రెండు వరసలు చేర్చాలి. మూడో రోజుకి లేచి మేత మేస్తున్నవి ఎన్ని, మళ్ళీ చూస్తామన్న తేదీకి నిజంగా చూసినవి ఎన్ని. పన్నెండంకెల నెంబరు ఉన్నచోట ఈ రెండూ రాయడానికి పెద్ద ఇంజనీరింగ్ అక్కర్లేదు, మనలో ఎవరైనా ఒక వీకెండ్‌లో రాసిపడేసే క్వెరీ. టైగర్‌కి మటుకు ఆ నెంబరు లేదు. దాని టీకా తేదీ అమ్మ వంటింటి తలుపు వెనకాల బొగ్గుతో రాసి ఉంది, వచ్చే మార్గశిరానికి మళ్ళీ వెయ్యాలి.