పదకొండు గంటలకు మా అంగళ్ల వీధి

పుట్టపర్తి,
18 మే 2021

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

కరోనా కర్ఫ్యూను ఈ నెల 31 దాకా పొడిగించారని నిన్న తెలిసింది. మధ్యాహ్నం 12 నుంచి మరునాడు పొద్దున 6 దాకా గడప దాటకూడదు. మనుషులు ఎడంగా ఉంటే వైరస్ పాకడం తగ్గుతుంది, అందులో నాకు వేరే మాట లేదు. నా బాధంతా మిగిలిన ఆ ఆరు గంటల గురించే.

ఈ పొద్దున పదకొండు గంటలప్పుడు కూరగాయలకు వెళ్లాను. సాయంత్రం దాకా విడివిడిగా వచ్చిపోవాల్సిన జనమంతా ఒక్కసారే అక్కడ ఉన్నారు. టమాటా గంపల మీదికి వంగి, ఒకరి భుజం మీదుగా ఇంకొకరు చెయ్యి చాపుతున్నారు. అమ్మే ఆమె మాస్కు గడ్డం కిందికి జారిపోయింది. ఒక చేతిలో తక్కెడ, ఇంకో చేతిలో చిల్లర, పైకి లాక్కునే తీరిక లేదామెకు. పోలీసు విజిల్ వినపడగానే అందరూ తోసుకున్నారు. ఐదుగురు గుమిగూడకూడదని 144వ సెక్షన్ పెట్టిన వేళ ఇది!

బ్యాంకులైతే 9 నుంచి 12 వరకే. మా అమ్మకు డెబ్బై దాటాయి. రెండు రోజులు వరుసలో నిలబడింది, రెండు రోజులూ వంతు రాకముందే షట్టర్ దించేశారు. మూడోరోజు నేనే పోనివ్వలేదు.

ఈ జబ్బు ఊపిరి ద్వారా పాకేది కదా? ఇరుకులో, దగ్గర దగ్గరగా ఉన్నచోట అంటుకునేది కదా? మరి వేళలు కుదిస్తే జనం తగ్గుతారా, ఒత్తుకుంటారా? ఈరోజు అంటుకున్నది బయటపడడానికి ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అప్పుడు పెరిగే లెక్కలు చూసి మళ్లీ పొడిగిస్తారా?

బెంగళూరు మూతపడ్డాక మావాళ్లు మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు. వచ్చినవాళ్లకు పరీక్ష ఎక్కడ చేశారు? పాజిటివ్ అయినవాళ్లను ఇంట్లోనే విడిగా ఉండమంటున్నారు. ఉన్నదే ఒక్క గది, ఐదుగురు మనుషులు. ఎవరు ఎక్కడ విడిగా ఉండాలి? తలుపు మూస్తే వీధిలో పాకడం ఆగుతుందేమో, తలుపు లోపల ఆగుతుందా?

పోయినేడాది మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి చెప్పి పన్నెండింటికల్లా దేశాన్ని మూసేశారు. అది కేంద్రం పని, మీమీద వెయ్యను. కానీ బెంగళూరు నుంచి నడిచొచ్చిన కాళ్లు మా జిల్లావే. ఆ నెలలోనే మా ఊరి సత్యసాయిబాబా ఆశ్రమం తలుపులు మూసుకున్నాయి, విదేశీ భక్తుల రాక నిలిచిపోయింది. ఆ భక్తుల మీదే బతికే ఆటోవాళ్లూ లాడ్జీలవాళ్లూ పూలమ్మేవాళ్లూ ఇంతవరకు తేరుకోలేదు. ఇప్పుడు వాళ్లకు మిగిలింది పొద్దుటి పూటే.

ఒకటో తేదీ తెల్లారకముందే పింఛను ఇంటికి పంపిస్తున్న ప్రభుత్వం మీది. యాభై ఇళ్లకో వలంటీరు ఉన్నారు. ముసలివాళ్లకు పింఛను చేరవేసినట్టే ఈ నెలరోజులు సరుకులూ మందులూ చేరవేయలేమా? వీధికో వేళ పెట్టలేమా? అంగళ్లను కళాశాల మైదానాల్లోకి మార్చి సాయంత్రం దాకా తెరిచి ఉంచకూడదా? వీటిలో ఏది కుదురుతుందో మీ అధికారులకే బాగా తెలుసు. ఏదో ఒకటి చెయ్యండి.

31 తర్వాత మళ్లీ పొడిగించే ముందు, ఎవరినైనా పదకొండు గంటలకు మా అంగళ్ల వీధికి పంపండి.

ఇట్లు,
పుట్టపర్తి నివాసి