మాటా మంతీ: తెరమీది నాన్నగారు

1984 సెప్టెంబరు 20, గురువారం రాత్రి ఎనిమిది గంటలకి ఎన్.బి.సి. టెలివిజన్‌లో 'ది కాస్బీ షో' మొదలయింది. బ్రూక్లిన్‌లో ఒక ఇల్లు. ఇంటాయన డాక్టర్ హక్స్‌టబుల్ కాన్పులు చేసే వైద్యుడు. రోగుల్ని చూసే గది ఇంటి కింది భాగంలోనే ఉంటుంది. భార్య క్లేర్ లాయరు. ఐదుగురు పిల్లలు. అప్పుడప్పుడు తాతగారూ, బామ్మగారూ వచ్చి పోతుంటారు. 1992 ఏప్రిల్ 30 దాకా నడిచిన ఆ కార్యక్రమం వరసగా ఐదు సీజన్లు దేశం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచింది.

ఆ రోజుల్లో ఈ దేశంలో కాపురం పెట్టిన మనవాళ్ళలో చాలామందికి గురువారం రాత్రి భోజనాలు ఆ కార్యక్రమం ముందే. కారణం వెతకనక్కర లేదు. మొట్టమొదటి భాగంలోనే కొడుకు థియో తక్కువ మార్కులు తెచ్చుకుంటాడు. తండ్రి వాడి చేతికి మోనోపలీ ఆటలోని డబ్బులిచ్చి, పన్నులు, ఇంటద్దె, తిండి ఖర్చు ఒక్కొక్కటే తీసేస్తూ, చదువు లేనివాడి జీతంలో చివరికి ఏం మిగులుతుందో చూపిస్తాడు. ఇది మన ఇళ్ళలో రోజూ జరిగే పాఠమే గదా! మనం కేకలేసి చెప్పేది ఆయన నవ్విస్తూ చెప్పాడు, అంతే తేడా. అమెరికాలో పిల్లల్ని ఎలా పెంచాలిరా భగవంతుడా అని బెంగపడే తల్లిదండ్రులకి ఆ ఇల్లు కొంత ధైర్యాన్నిచ్చింది.

ఆ వేషం వేసిన బిల్ కాస్బీ, వేషం విప్పేసినా దానితో వచ్చిన గౌరవాన్ని మాత్రం విప్పలేదు. విద్యాశాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాడు. 1988లో స్పెల్మన్ కాలేజీకి భార్యతో కలిసి 2 కోట్ల డాలర్లు విరాళమిచ్చాడు. 2002లో ఈ దేశపు అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నాడు. 2004 మే నెలలో వాషింగ్టన్ సభలో నిలబడి, నల్లజాతి పేద తల్లిదండ్రులు పిల్లల్ని సరిగా పెంచడం లేదని గట్టిగా చీవాట్లు పెట్టాడు.

అదే 2004 మొదట్లో కాస్బీ తన ఇంట్లో మాత్రలిచ్చి, ఒళ్ళు తెలియని స్థితిలో తనపై అత్యాచారం చేశాడని ఆండ్రియా కాన్‌స్టాండ్ అనే ఆమె 2005లో పోలీసులకి చెప్పింది. ఆమె టెంపుల్ విశ్వవిద్యాలయ ఉద్యోగిని. అతను దాని పాలకమండలి సభ్యుడు. అప్పటి జిల్లా ప్రాసిక్యూటరు కేసు పెట్టలేదు. ఆమె సివిల్ దావా వేసింది. తమకీ ఇలాంటి అనుభవమే జరిగిందని చెప్పడానికి పదిమందికి పైగా స్త్రీలు ముందుకొచ్చారు. 2006లో రాజీ కుదరడంతో వాళ్ళ సాక్ష్యం కోర్టుకెక్కలేదు.

పాఠకులు గమనించవలసిన దేమిటంటే, ఇదంతా చాటుగా జరగలేదు. పత్రికల్లో వచ్చింది. అయినా 2009లో హాస్యానికిచ్చే మార్క్ ట్వేన్ బహుమతి అతనికే ఇచ్చారు. 2014లో ఎన్.బి.సి. వారు అతన్ని పెట్టి కొత్త కుటుంబ ధారావాహిక తీయడానికి సిద్ధపడ్డారు కూడాను. ఆ అక్టోబరులో ఫిలడెల్ఫియాలో హానిబల్ బరెస్ అనే హాస్యనటుడు వేదిక మీద ఈ సంగతి ఎత్తాడు. ఆ ముక్క దేశమంతా తిరిగింది. అంతమంది స్త్రీలు ప్రమాణం చేసి చెబుతామన్నా తొమ్మిదేళ్ళ పాటు చెవికెక్కనిది, ఒక మగవాడు వేళాకోళంగా అనేసరికి ఎక్కింది.

తరువాతి కథ మీకు తెలిసిందే. క్వాలూడ్ అనే మత్తు మాత్రలు స్త్రీలకివ్వాలన్న ఉద్దేశంతోనే సంపాదించానని దావాలో కాస్బీ ఇచ్చిన వాంగ్మూలం 2015 జులైలో బయటపడింది. ఊరందరికీ నీతులు చెప్పే స్థానాన్ని తనంతట తాను తీసుకున్న మనిషి మాటకీ, అతని మీద వచ్చిన ఆరోపణలకీ మధ్య తేడా ప్రజలు తెలుసుకోదగినదేనని, ఆ కాగితాలు బయటపెట్టిన జడ్జి ఎడ్వార్డో రోబ్రెనో అభిప్రాయపడ్డారు. 2018లో జ్యూరీ మూడు నేరాలపై దోషి అని తేల్చగా, మూడు నుంచి పదేళ్ళ శిక్ష పడింది. 2021 జూన్ 30న పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కేసు పెట్టనన్న పాత ప్రాసిక్యూటరు మాట నమ్మి వాంగ్మూలమిచ్చిన వాడిపై మళ్ళీ కేసు నడపడం న్యాయం కాదన్నదే కారణం. అతను నిర్దోషి అని ఆ కోర్టు అనలేదు. 2022లో కాలిఫోర్నియాలో సివిల్ జ్యూరీ, 1975లో పదహారేళ్ళ పిల్లపై అత్యాచారానికి పాల్పడ్డాడని తేల్చి, 5 లక్షల డాలర్లు ఇవ్వమంది. మొత్తం మీద ఆరోపణలు చేసినవారు దాదాపు 60 మంది. కాస్బీ మాత్రం మొదటినుంచీ అన్నిటినీ కాదంటూనే వచ్చాడు.

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడొక చిక్కు ఉంది. మన క్రియాపదంలోనే గౌరవం కూర్చుని ఉంటుంది. 'చేశారు' అనాలా, 'చేశాడు' అనాలా? మేము ఏకవచనంతోనే సరిపెట్టాం. అయితే 'ఆయన'ను 'అతను' చేసినంత మాత్రాన సమస్య తీరదు.

"నటుడి బ్రతుకు మనకెందుకు, నటన చూసి ఊరుకోవాలి" అనేవారున్నారు. వీధినాటకంలో రాముడి వేషానికి హారతి పట్టిన ఊళ్ళు మనవి. కాని ఆ ఊళ్ళో ఆ వేషగాడెవరో అందరికీ తెలుసు. తెల్లవారితే ఎవరికి ఎంత అప్పున్నాడో, పెళ్ళాన్ని ఎలా చూస్తాడో కూడా తెలుసు. హారతి వేషానికే పోయేది. టెలివిజన్‌లో ఆ ఎరుక ఉండదు. డాక్టర్ హక్స్‌టబుల్ మంచితనం ఎంతోమంది రచయితలు కూర్చి రాసినది. హార్వర్డ్ మానసిక వైద్యుడు ఆల్విన్ పూసాంట్ ఆ కథల్ని ముందే చదివి సలహాలిచ్చేవారు. ఇంతమంది కష్టార్జితమైన మంచి పేరు చివరికి ఒక్కడి ఖాతాలో పడింది. ఫిర్యాదు చేసిన స్త్రీలు ఎదుర్కోవలసి వచ్చింది ఆ ఖాతాని.

అందుచేత గౌరవం పోయిందని మనం పడే బాధ రెండో సంగతి. మనం ఇచ్చిన గౌరవం ఇంకొకరి నోరు నొక్కడానికి పనికొచ్చిందన్నది మొదటి సంగతి. ఇది హాలీవుడ్‌తో ఆగేది కాదు. మన సభల్లోనూ వేదికలున్నాయి, దండలున్నాయి, విరాళాలిచ్చే పెద్దలున్నారు, ఇండియా నుంచి వచ్చే కళాకారులున్నారు. వాళ్ళకి మన ఇళ్ళల్లోనే బస. రేపు ఒక అమ్మాయి వచ్చి ఫలానా ఆయన ప్రవర్తన బాగాలేదని చెబితే, మనలో ముందుగా వచ్చే మాట ఏది? "ఛ, అంత పెద్దమనిషి అలా చేస్తాడా?" అన్నదే. విచారణ ఆ ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. చెప్పినదల్లా నిజమని ఒప్పుకోమని మేము అనడం లేదు. వినకముందే తీర్పు చెప్పవద్దంటున్నాం.

మా మనవి చిన్నది. ప్రతి సంఘమూ ఇద్దరు ముగ్గురు నమ్మకమైన స్త్రీలను ఇందుకోసం నియమించి, వాళ్ళ పేర్లు సభ్యులందరికీ తెలియజెయ్యాలి. ఫిర్యాదు వస్తే, అది ఎవరి మీదనైనా సరే, వాళ్ళు గుట్టుగా వినాలి. విషయం తేలేదాకా ఆ పెద్దమనిషికి వేదికా, బసా ఆపాలి. నేరమనదగ్గదైతే, పరువు లెక్క చూసుకోకుండా పోలీసుల దగ్గరకి వెళ్ళేందుకు ఆమెకి తోడుండాలి. ఉగాది సభకి ముఖ్య అతిథి ఎవరన్న దాని మీద మూడు సమావేశాలు పెట్టుకునే మనం, దీనికి ఒక్కటి పెట్టుకోలేమా? పాఠకులు, ముఖ్యంగా సోదరీమణులు, తమ అభిప్రాయం రాసి పంపవలసిందిగా కోరుతున్నాం. పేరు వద్దన్నవారి ఉత్తరాలు పేరు లేకుండానే వేస్తాం.