ఆకుల కుప్పకు నిప్పు పెట్టే ముందు

శీతకాలపు ఉదయాన నాచారం, హబ్సిగూడ, ఉప్పల్ వీధుల్లో నడకకు వెళ్ళే అలవాటు మీకుంటే ఆ వాసన మీకు పరిచితమే. ఊడ్చిన ఆకులను ఓ మూల కుప్పచేసి ఎవరో నిప్పంటించి వెళ్ళిపోతారు. మంట అంతగా కనిపించదు. పొగ మాత్రం చాలాసేపు నేలబారున పాకుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల బలం కోసం బయలుదేరిన మనం ఆ పొగను నిండుగా పీల్చుకొని ఇల్లు చేరుతాం.

నేను చెప్పబోయేది కొందరికి రుచించకపోవచ్చు. పచ్చదనం అనగానే మనకు మొక్కలు నాటడమే గుర్తుకు వస్తుంది. 2015లో హరితహారం ఆరంభమైన నాటి నుండి కాలనీల్లో ఎన్నో మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం. అది మంచి పనే, కాదనను. కాని ఆ మొక్క చెట్టై రాల్చిన ఆకును ఏమి చేయాలన్నది మనం ఆలోచించలేదు. నీడ కోసం పెంచుకున్న చెట్టునే పొగగా మార్చి పిల్లల చేత పీల్పించడం ఏ విధమైన పర్యావరణ సేవ? ఒక మొక్క నాటడం కంటె మీ వీధిలో ఒక ఆకుల మంటను ఆపడమే ఈ ఏటి ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేస్తుందని వైద్యునిగా నా అభిప్రాయం.

కారణం చెబుతాను. ఆకులు భగ్గున మండవు, రగులుతాయి. దహనం అసంపూర్ణమైనప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు అతిసూక్ష్మ ధూళికణాలు విస్తారంగా వెలువడతాయి. 2.5 మైక్రాన్లకు లోబడిన ఈ కణాలు ముక్కులోని వెంట్రుకలకు చిక్కవు. శ్వాసకోశపు చివరి గదుల వరకు చేరుతాయి, వాటిలో మరీ చిన్నవి రక్తంలోకీ ప్రవేశిస్తాయి. ఉబ్బసం ఉన్నవారికే కాదు, గుండెజబ్బు ఉన్నవారికీ ఇది కీడే. బయటి గాలి కాలుష్యం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే తేల్చింది. కుప్పలో ప్లాస్టిక్ కవర్లు, ప్యాకెట్లు కలిస్తే చెప్పనవసరం లేదు. ముఖానికి కట్టుకునే చేతిరుమాలు ఈ కణాలను ఆపగలదని భ్రమపడకండి.

చలికాలంలో మరొక చిక్కు ఉంది. నేలను అంటుకొని చల్లని గాలి, దానిపై వెచ్చని గాలి పొర, గిన్నెపై మూత పెట్టినట్లుగా నిలుస్తాయి. తెల్లవారుజామున రేగిన పొగ పైకి పోలేక మన ముక్కు ఎత్తులోనే తిరుగుతుంది. అందుకే ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పెద్దలను డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ బాగా వచ్చాకే నడకకు వెళ్ళమంటాను. బ్రాహ్మీముహూర్తపు నడకను వదులుకోమంటే నొచ్చుకున్నవారు లేకపోలేదు!

మన తూర్పు భాగంలో గాలికి ఇతర భారాలు ఎలాగూ ఉన్నాయి: ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు, వరంగల్ రహదారి వాహనాలు, 2018లో శంకుస్థాపన జరిగి ఏళ్ళ తరబడి సాగిన నారపల్లి పైవంతెన పనుల దుమ్ము. నాచారం పారిశ్రామిక వాడలో కాలుష్య నియంత్రణ మండలి వారి గాలి నాణ్యత యంత్రం ఉంది. దాని అంకెలను ఫోనులోనే చూడవచ్చు. అయితే ‘ప్రమాణాల లోపలే ఉంది’ అని చదివి నిశ్చింతపడకండి. ఈ సూక్ష్మకణాలకు మన దేశపు వార్షిక ప్రమాణం ఘనమీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 5 మాత్రమే. కర్మాగారాన్నీ లారీనీ మీరూ నేనూ రేపటికి రేపు మార్చలేము. అగ్గిపుల్ల మాత్రం మన చేతిలో ఉంది.

నేనూ నిర్దోషిని కాను. మా ఇంటి ముందరి కానుగ ఆకులకు నా చేతులతోనే నిప్పు పెట్టిన రోజులున్నాయి. ఒకనాడు పొరుగింటి తల్లి ఆయాసంతో ఎగపోస్తున్న కుమారుణ్ణి ఎత్తుకొని నా వద్దకే పరుగున వచ్చింది. బిడ్డకు నెబులైజర్ పెడుతున్నంతసేపూ కిటికీలోంచి నా కుప్ప పొగ లోపలికి వస్తూనే ఉంది. ఆమె ఒక్క మాటా అనలేదు.

చట్టం సంగతి తెలియనివారి కోసం: చెత్తను బహిరంగంగా తగులబెట్టడాన్ని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి. అదే ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునల్ దీనికి 5,000 రూపాయల జరిమానా విధించాలని, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 విధించాలని ఆదేశించింది. అలాగని మీ వీధి ఊడ్చే అమ్మపై విరుచుకుపడకండి. ఆ పొగను అందరికంటె ముందు, అందరికంటె ఎక్కువ పీల్చేది ఆమెయే. చెత్త ఆటోలో ఆకులకు చోటు లేకపోతే ఆమె మాత్రం ఏమి చేయగలదు? ‘ఇక్కడ వేయమ్మా’ అని మనం ఒక చోటు చూపించాలి.

ఆ చోటుకు పెద్ద ఖర్చు లేదు. మూడడుగుల ఎత్తు ఇనుప వలను గుండ్రంగా చుట్టి పార్కు మూలలో నిలిపితే చాలు. మూడు పాళ్ళు ఎండుటాకులు, ఒక పాలు కూరగాయల తొక్కలు, పైన కాస్త పేడనీళ్ళు. పిండిన గుడ్డలో ఉన్నంత తడి ఉండాలి. రెండు వారాలకొకసారి తిరగేయాలి. దుర్వాసన వస్తే తడి ఎక్కువైందని గ్రహించి మరిన్ని ఎండుటాకులు వేయండి.

వేప, కానుగ ఆకురాల్చేది వేసవి ముంగిట. నిరుడు ఆ రోజుల్లో వేసిన మా కుప్ప శ్రావణానికి నల్లని మట్టిగా మారింది. పొరుగింటివారు రెండు బకెట్లు పట్టుకువెళ్ళి మల్లె కుండీలకు వేసుకున్నారు.