కారులో పాట బరబరమంటే యాంప్లిఫయర్ మార్చేయాలా?

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీకి ఆ పేరు వాహనాల కర్మాగారం వల్లనే వచ్చింది. 1945లో రైలు ఇంజన్ల తయారీకి ఏర్పడిన టెల్కో, 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టింది. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారినా కాలనీకి పాత పేరే మిగిలింది. ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ నగరంలో తరతరాలుగా ఉన్నాయి. అలాంటి చోట లారీ ఇంజన్ చప్పుడు తేడాగా ఉంటే, ఇంజన్ మొత్తం మార్చేయమని అనుభవమున్న పనివారెవరూ చెప్పరు. లోపం ఎక్కడుందో ముందు వెతుకుతారు.

అదే కాలనీలో ఒకరి కారులో పాట బరబరమంటోందని అనుకుందాం. "యాంప్ పోయింది, కొత్తది వేయించుకోండి" అనే మాట వినగానే చాలామంది డబ్బు తీసి ఇచ్చేస్తారు. కొత్తది బిగించాక కూడా అదే బరబర వినిపిస్తే, ఈసారి స్పీకర్ల వంతు వస్తుంది. ఈ అలవాటు జంషెడ్‌పూర్‌లోనే కాదు, విజయవాడలోనూ వరంగల్‌లోనూ మారాలి. కొలవకుండా ఏదీ మార్చకూడదు.

అసలు పాట ఎందుకు చీలుతుంది? యాంప్లిఫయర్ తనకు అందే వోల్టేజ్‌ని మించి ధ్వని తరంగాన్ని పెంచలేదు. అంతకంటే పెద్దది అడిగితే తరంగం శిఖరాలు కత్తిరించినట్టు చదునవుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. గుండ్రంగా ఉండాల్సిన తరంగం పలకలుగా మారి, అసలు పాటలో లేని కొత్త పౌనఃపున్యాలు పుట్టుకొస్తాయి. చెవికి బరబరలా వినిపించేది అదే.

ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో దొరికే వోల్టేజ్ సుమారు 14.4. దానితో నేరుగా పనిచేసే కార్ స్టీరియో 4 ఓమ్‌ల స్పీకర్‌కు శుభ్రమైన తరంగాన్ని ఇస్తే, లెక్క ప్రకారం ఒక్కో స్పీకర్‌కు గరిష్ఠంగా 26 వాట్లు అందుతాయి. లోపలి నష్టాలు తీసేస్తే మిగిలేది సుమారు 20 వాట్లే. మరి పెట్టె మీద 50 వాట్లు చొప్పున నాలుగు స్పీకర్లకు అని ఎలా ముద్రిస్తారు? తరంగం పూర్తిగా పలకగా మారితే 14.4 వర్గాన్ని 4తో భాగించాలి. వచ్చేది దాదాపు 52. అంటే ఆ 50 వాట్ల అంకె పాట పూర్తిగా చీలిపోయాక వచ్చే శక్తి. దాన్ని నమ్మి నాబ్‌ను చివరిదాకా తిప్పేవారికి బరబర తప్పదు. పలక తరంగం అదే ఎత్తున్న శుభ్రమైన తరంగం కంటే రెట్టింపు శక్తిని మోస్తుంది కాబట్టి, చిన్న యాంప్లిఫయర్‌తో కూడా స్పీకర్లు కాలిపోవచ్చు.

విడిగా బిగించే పెద్ద యాంప్లిఫయర్లు వోల్టేజ్‌ని లోపలే పెంచుకుంటాయి. వాటికి బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంట్ కావాలి. ఎర్త్ వైరును రంగు గీకకుండా బాడీకి బిగించినా, ఆ స్క్రూ తుప్పు పట్టినా 0.05 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. 30 ఆంపియర్లు ప్రవహించినప్పుడు అక్కడే 1.5 వోల్టులు పోతాయి. యాంప్లిఫయర్‌లో ఏ లోపమూ లేకపోయినా పాట చీలుతుంది.

లోపం వెతకడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ముందుగా ఫోన్‌లోనూ స్టీరియోలోనూ బాస్ బూస్ట్ తీసేసి, యాంప్లిఫయర్ మీది గెయిన్ తగ్గించి వినాలి. గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో పంపే సంకేతానికి యాంప్లిఫయర్‌ను సరిపెట్టే అమరిక అది. అప్పటికీ ఒక వైపు స్పీకరే బరబరమంటుంటే, పవర్ ఆపి, యాంప్లిఫయర్‌లోకి వచ్చే కుడి, ఎడమ వైర్లను తారుమారు చేయాలి. బరబర రెండో వైపుకు మారితే లోపం స్టీరియోలోనో ఆ వైరులోనో ఉంది. మారకపోతే వాటిని యథాస్థానంలో పెట్టి, ఈసారి స్పీకర్ వైర్లను మార్చి చూడాలి. బరబర రెండో స్పీకర్‌కు వెళ్తే యాంప్లిఫయర్‌ను అనుమానించాలి. పాత స్పీకర్‌తోనే ఉండిపోతే లోపం దానిదో దాని వైరుదో అవుతుంది. అన్ని స్పీకర్లూ బాస్ పడినప్పుడల్లా చీలుతుంటే, ఆ క్షణంలో యాంప్లిఫయర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. వోల్టేజ్ బాగా పడిపోతుంటే వైరునూ ఎర్త్‌నూ సరిచేయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. అలా చేస్తేనే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.

మెకానిక్ వైపు నుంచి కూడా చూడాలి. కొత్త సామాను అమ్మితే అతనికి నాలుగు డబ్బులు మిగులుతాయి. గంటసేపు వెతికి ఎర్త్ స్క్రూ బిగిస్తే, "ఇంత చిన్న పనికి డబ్బులా?" అని అడుగుతారు. డాక్టర్ మందు రాయకుండా ధైర్యం చెప్పి పంపినా ఫీజు ఇస్తాం. లోపం కనిపెట్టిన నైపుణ్యానికి కూడా అలాగే రుసుము ఇవ్వాలి. అది ఇవ్వనంత కాలం, వెతకకుండా మార్చేయడమే లాభసాటిగా ఉంటుంది. బాగున్న యాంప్లిఫయర్ ఈ-వ్యర్థాల కుప్పలో చేరుతుంది.

తయారీదారుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. అమెరికాలోని సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం కార్ యాంప్లిఫయర్ శక్తిని 14.4 వోల్టుల వద్ద, 4 ఓమ్‌ల మీద, 1 శాతానికి మించని డిస్టార్షన్‌తో కొలిచి చెప్పాలి. మన దుకాణాల్లోని ప్రతి పెట్టె మీద అలాంటి అంకె ఉండాలి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులోని నాలుగు రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. వాహనంలోని ఆడియో పరికరాల సర్క్యూట్ చిత్రాలు, విడిభాగాలు చిన్న మెకానిక్‌కు కూడా దొరికితేనే ఆ హక్కుకు అర్థం ఉంటుంది.

అప్పటిదాకా వినియోగదారుడి చేతిలో ఒక ప్రశ్న ఉంది. "యాంప్ పోయింది" అన్న వెంటనే, "ఏం కొలిచి చెబుతున్నారు?" అని మర్యాదగా అడగాలి. జవాబు దొరికాకే డబ్బు తీయాలి.