సెబీ అధికారము ఎవరి చేతిలో?

షేర్ల బజారునకు కావలియై యుండుటకు 1992 నాటి చట్టము సెబీకి గొప్ప యధికారములనే యిచ్చినది. దలాలి వ్యాపారమును మూయింపవచ్చును. కంపెనీ యజమానిని ఏండ్ల తరబడి బజారునకు దూరము చేయవచ్చును. ఈ యధికారమును వాస్తవముగ చెలాయించువారెవరో షేర్లు కొను మన పట్టణవాసులలో నెందరికి దెలియును?

2002 నాటి సవరణ ప్రకారము మండలిలో అధ్యక్షునితో గూడ తొమ్మండుగురు సభ్యులు. ప్రతి వ్యవహారమును వీరందరు గూర్చుండి తేల్చుట పొసగని పని. కావుననే 19వ సెక్షను, వ్రాతమూలకమగు ఉత్తరువుతో మండలి తన యధికారములను ఒక సభ్యునికో, ఉద్యోగికో, ఇతరునికో అప్పగింపవచ్చునని చెప్పుచున్నది. నిబంధనలు చేయు అధికారము నొక్కదానిని మాత్రము అప్పగింపరాదు. ఈ మినహాయింపు మిక్కిలి విలువైనది. పార్లమెంటు మండలి చేతి కిచ్చిన కలమును మండలి తన గుమాస్తా చేతి కిచ్చుట తగదు గదా!

మన హైదరాబాదు సత్యం కంపెనీ వ్యవహారమునే చూడుడు. లెక్కలు బూటకములని 2009 జనవరి 7న అధ్యక్షుడే యొప్పుకొనెను. 2014 జూలైలో సెబీ పూర్తికాలపు సభ్యుడొకరు ఐదుగురిని 14 ఏండ్లపాటు బజారునుండి వెలివేసి, 1849 కోట్ల రూపాయలు వడ్డీతో చెల్లింపవలెనని ఉత్తరువిచ్చెను. తప్పు చేసినవారిపై మాకు జాలి లేదు. అయినను ఇంతటి దండన ఒక్క సంతకముపై నడచినదని మరువరాదు.

ఒక్కడు తీర్పు చెప్పుటయే దోషమని మే మనము. మునసబు కోర్టులోను ఒక్కడే కూర్చుండును. కాని ఆ మునసబు వాదికి కొలువు చేయువాడు కాడు. సెబీలో దర్యాప్తు జరుపువారు, అభియోగము మోపువారు, తీర్పు చెప్పువారు అందరును ఒక్క యింటివారే. పైగా 11వ సెక్షను మధ్యంతర ఉత్తరువును ముందిచ్చి, ప్రతివాది మాటను పిమ్మట వినుటకును వీలు గల్పించినది. దొంగసొమ్ము దాటిపోకుండ పట్టుటకు ఇది యవసరమే. కాని పిమ్మట వినుట యన నెన్నాళ్లకు? వినులోపల చిన్న దలాలి ఖాతాదారులు చెల్లాచెదరు కారా?

ఏండ్ల కొలది వెలి విధించు వ్యవహారములను దర్యాప్తుతో నెట్టి సంబంధము లేని ఇరువురు సభ్యులు కలిసి వినవలెను. ఏకపక్షపు ఉత్తరువునకు గడువు విధించి, ఆ లోపల విచారణ ముగియనిచో అది తనంత రద్దు కావలెను. అపీలు కలదుగదా యందురు. అపీలునకు 45 దినముల గడువు, ట్రిబ్యునలు ముంబయిలో. సత్యం వ్యవహారమున ఆ ట్రిబ్యునలు 2017లో సొమ్ము లెక్కను మరల తేల్చుమని సెబీకే త్రిప్పి పంపెను. సెబీ రెండవ ఉత్తరువు 2018లో వెలువడెను.