బావి దగ్గర రెండు కేకలు

ఒక రాజకీయ పక్షాన్ని అభిమానించడం పాపం కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే, మౌల్వీ సాహెబ్ ఓటు వేయవద్దంటున్నారని కొందరు సోదరులు ప్రచారం చేయగలరు! పార్టీని ఎంచుకోవడం, దాని కొరకు శ్రమించడం పౌరుని హక్కు. నేను ప్రస్తావించదలచిన వ్యాధి వేరు. 'మనవాడు' అనగానే తప్పు ఒప్పుగానూ, 'వాళ్ళు' అనగానే ఒప్పు కుట్రగానూ కనిపించే స్థితి అది. అరబీలో దాని పేరు అసబియ్యత్. స్వజనాన్ని ప్రేమించడం అసబియ్యత్ అవుతుందా అని ఒక సహచరుడు అడిగినప్పుడు, కాదనీ, అన్యాయంలో స్వజనానికి తోడ్పడడమే అసబియ్యత్ అనీ దైవప్రవక్త (సఅసం) వివరించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది.

మన విజయనగరం ఈ వ్యాధిని కళ్ళారా చూసింది. 2013 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం తెలంగాణ ఏర్పాటును ఆమోదించగానే పట్టణం భగ్గుమంది. అప్పటి ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షులు, రాష్ట్ర మంత్రి బొత్స సత్యనారాయణ గారు ఈ జిల్లావారే కావడంతో ఆగ్రహమంతా ఆయనవైపు మళ్ళింది. ఆయనకు, ఆయన బంధువులకు చెందినవని భావించిన ఆస్తులపై దాడులు జరిగాయి. కర్ఫ్యూ విధించారు, కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు వెలువడ్డాయి. మతం పేరిట జరిగిన గొడవ కాదది, కులం పేరిట జరిగినదీ కాదు. రాష్ట్రం కలిసి ఉండాలనడం న్యాయమైన అభిప్రాయమే, విడిపోవాలనడమూ అంతే. ఉద్యోగాలు, నీటి వాటాలు, రాజధాని, అన్నీ నిజమైన సమస్యలే. వాటన్నిటినీ పక్కకు నెట్టి 'ద్రోహి ఎవడు?' అనే ఒక్క ప్రశ్న నిలబడినప్పుడు మనిషి చేతికి రాయి వస్తుంది. ఆ కర్ఫ్యూ రోజులలో పొయ్యి వెలగనిది ఢిల్లీలో నిర్ణయం తీసుకున్నవారి ఇంట కాదు, ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవారి ఇంట.

తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. బొత్స గారు 2014లో చీపురుపల్లిలో ఓడిపోయారు. 2013లో అదే అక్టోబరు నెలలో సమైక్యాంధ్ర కొరకు నిరాహార దీక్ష చేసిన జగన్మోహన్ రెడ్డి గారి పార్టీలో 2015లో చేరారు. 2019లో చీపురుపల్లి నుండే గెలిచి మళ్ళీ మంత్రి అయ్యారు. ఆయనను గాని, ఓటర్లను గాని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నాయకునికి దారి మార్చుకునే వెసులుబాటు ఉంటుంది. నాయకుని కొరకు పక్కింటివానితో మాట మానుకున్నవానికి అంత వెసులుబాటు ఉండదు.

ఇంతకూ ఆ 'వాళ్ళు' ఎవరు? శ్రీకాకుళం జామియా మసీదును 17వ శతాబ్దంలో కట్టించిన షేర్ ముహమ్మద్ ఖాన్ గోల్కొండ ప్రభువుల ఫౌజ్‌దారు. నేడు మన రెండు జిల్లాల నుండి ఎన్నో కుటుంబాలు హైదరాబాదుకు పనికి వెళ్ళి అక్కడి మేడలు కడుతున్నాయి. అక్కడ వారు 'ఆంధ్రోళ్ళు'. అదే కూలీ కృష్ణా, గుంటూరు వైపు వెళితే యాస విని నవ్వుతారు. గీత ఎక్కడ గీసినా అవతల పడేది ఆ పేదవాడే.

బనూ ముస్తలిఖ్ దండయాత్రలో జరిగిన సంఘటన నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. మురైసీ బావి దగ్గర నీళ్ళ తగాదాలో ఒక ముహాజిర్ ఒక అన్సారీని తన్నాడు. ఒకరు అన్సారులను, మరొకరు ముహాజిర్లను కేకవేసి పిలిచారు. ముహాజిర్, అన్సార్ అనేవి స్వయంగా ఖుర్ఆన్ ప్రశంసించిన నామాలు! అయినా వాటితో జట్టుకట్టబోయినప్పుడు అది అజ్ఞానకాలపు పిలుపనీ, కంపుకొట్టేదనీ, విడిచిపెట్టమనీ దైవప్రవక్త (సఅసం) మందలించారు. ఐక్యత మంచి పేరే, ఆత్మగౌరవమూ మంచి పేరే. అసబియ్యత్ పట్టుకునేది ఇటువంటి మంచి పేర్లనే. కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై ఆ తగాదాకు ఆజ్యం పోశాడు. వలసవచ్చినవారిని మదీనా నుండి వెళ్ళగొడతామన్నాడు. అప్పుడు ప్రవక్త (సఅసం) సైన్యాన్ని వెంటనే బయలుదేరదీసి, పగలూ రాత్రీ నడిపించారు. మజిలీ చేయగానే అలసటతో అందరూ నిద్రపోయారు, ఆ చర్చ సాగలేదు. మన టీవీ చర్చలవారికి ఈ ఉపాయం రుచించదు.

అల్ మాయిదా సూరా 8వ ఆయత్, ఒక జాతి పట్ల గల ద్వేషం మనల్ని న్యాయం నుండి తప్పించరాదని ఆదేశిస్తున్నది. ద్వేషమే కలగదని ఆ ఆయత్ అనలేదు. కలిగినప్పుడు ఏం చేయాలో చెప్పింది. ఇది మనకూ వర్తిస్తుంది. మన సముదాయపు నాయకుడు వక్ఫ్ సొమ్ము విషయంలో లెక్క చెప్పకపోతే, 'మనవాడు కదా, బయట అనకండి' అనే పెద్దలు మన మసీదులలో లేరా? సోదరుడు అన్యాయం చేస్తుంటే అతని చేయి పట్టి ఆపడమే అతనికి సహాయమన్న హదీసును వారికి ఎవరు గుర్తుచేస్తారు?

మా పెద్ద తరగతి పిల్లలకు ఒక పని అప్పగించాను. మీ ఇంట్లో ఇష్టపడని పార్టీ చేసిన ఒక మంచి పనిని వెదికి, ఋజువుతో రాసుకుని రండి అన్నాను. చాలామంది ఖాళీ కాగితాలతో వచ్చారు. ఒక పిల్లవాడు మాత్రం తన ఊరి కల్వర్టు గురించి రాసి, తండ్రికి చదివి వినిపించాడట. ఆయన ఒప్పుకోలేదట గాని, చివరిదాకా విన్నాడట.